అద్దాల మేడ కట్టిన తోటమాలి

గ్లాసు, గ్లేజింగ్ పరిశ్రమ సదస్సు హైదరాబాద్‌లోనో ముంబయిలోనో జరుగుతోందని కాలేజీ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చిందనుకోండి. గోదావరిఖనిలో ఉన్న మీరు ఏం చేస్తారు? చాలామంది చూసి వదిలేస్తారు. మనది బొగ్గు ఊరు, అద్దాలతో మనకేం పని అనుకుంటారు. డిప్లొమా చేసినా, బీటెక్ చేసినా ఇక్కడ అందరి చూపూ సింగరేణి నోటిఫికేషన్ మీదే. పైగా ఓ జంకు. అక్కడికి వచ్చేవాళ్లంతా కంపెనీల మేనేజర్లు, విజిటింగ్ కార్డు కూడా లేని మనతో ఎవరు మాట్లాడతారని. ఆ జంకు మీకూ ఉంటే జోసెఫ్ పాక్స్‌టన్ గురించి తెలుసుకోండి. ప్రపంచం నలుమూలల నుంచీ పరిశ్రమల వాళ్లు తరలివచ్చిన 1851 నాటి లండన్ మహా ప్రదర్శనకు అద్దాల భవనం గీసిన మనిషి ఆయన. ఇంజినీరింగ్ చదవలేదు, ఆర్కిటెక్టూ కాదు. వృత్తి తోటపని.

1803 ఆగస్టు 3న ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్‌షైర్‌లో మిల్టన్ బ్రయన్ అనే పల్లెలో పుట్టాడు. వ్యవసాయ కుటుంబంలో ఏడో కొడుకు. చదువు కొద్దిగానే అబ్బింది. చిన్నతనంలోనే తోటల్లో పనికి కుదిరి, 1823లో లండన్ దగ్గర చిజిక్‌లోని హార్టికల్చరల్ సొసైటీ తోటలో చేరాడు. చేరేటప్పుడు రిజిస్టరులో పుట్టిన సంవత్సరం 1801 అని రాయించాడు. అంటే రెండేళ్లు ఎక్కువ చెప్పాడన్నమాట. (ఆయనకు చెల్లింది కదా అని మీరు మీ రెజ్యూమెలో అలాంటివి పెట్టకండి. ఈ రోజుల్లో సర్టిఫికెట్లన్నీ సరిచూశాకే ఆఫర్ లెటర్ చేతికిస్తున్నారు.) ఆ తోట స్థలం డెవన్‌షైర్ డ్యూక్‌ది. డ్యూక్ అటుగా వచ్చినప్పుడల్లా ఈ కుర్రాడు మొక్కల గురించి తడబడకుండా చెప్పే తీరు చూసేవాడు. 1826లో డెర్బీషైర్‌లోని తన చాట్స్‌వర్త్ ఎస్టేట్‌కు హెడ్ గార్డెనర్‌గా రమ్మన్నాడు. అప్పటికి పాక్స్‌టన్ వయసు ఇరవై మూడు కూడా నిండలేదు.

ఉద్యోగంలో ఆయన మొదటి రోజు గురించి తప్పక చెప్పుకోవాలి. లండన్ నుంచి రాత్రి బండిలో బయల్దేరి తెల్లవారుజామున నాలుగున్నరకి చాట్స్‌వర్త్ చేరాడు. ఎవరూ లేవలేదు. గేటు దూకి లోపలికి వెళ్లి తోట మొత్తం కలియతిరిగాడు. ఆరింటికి పనివాళ్లు రాగానే ఎవరి పని వాళ్లకు అప్పజెప్పాడు. తర్వాత ఎస్టేట్ హౌస్‌కీపర్‌తో కలిసి టిఫిన్ చేశాడు. అక్కడే ఆమె మేనకోడలు సారా బౌన్‌ పరిచయమైంది. తొమ్మిదింటికల్లా ఇదంతా అయిపోయిందట. మరుసటి ఏడాది సారాతో పెళ్లి జరిగింది. తర్వాతి రోజుల్లో ఆయన ఊళ్లు తిరుగుతుంటే ఇల్లు, డబ్బు, తోట లెక్కలు చక్కబెట్టింది ఆవిడే.

అద్దాల సంగతికి వద్దాం. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో గాజు మీద బరువును బట్టి పన్ను ఉండేది, 1845లోగానీ తీసేయలేదు. అద్దం ఖరీదైన సరుకు. అయినా మొక్కల కోసం అద్దాల ఇళ్లు కట్టాలి, లోపలికి వెలుతురు బాగా రావాలి. పాక్స్‌టన్ ఒక్కొక్క చిక్కే పట్టుకుని విప్పుకుంటూ పోయాడు. బల్లపరుపు కప్పు మీద పొద్దున, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుంది, వెలుతురు చాలావరకు లోపలికి రాదు. కప్పును మడతలు మడతలుగా, గట్టూ చాలూ మాదిరిగా పెడితే ఆ రెండు పూటలా ఎండ అద్దానికి నేరుగా తగులుతుంది. ఈ ఆలోచన ఆయనకంటే ముందే ఉంది, పనికొచ్చేలా చేసింది ఆయన. మడతల మధ్య వాన నీరు పోవడానికి చెక్క కాలువ అమర్చాడు. అద్దం లోపలి వైపు పట్టే చెమ్మ కిందికి కారి మొక్కల మీద పడకుండా అదే కాలువకు పక్కన సన్నటి గాడి తీశాడు. అద్దాలు బిగించే చెక్క పట్టీలను వేల సంఖ్యలో చేత్తో చెక్కిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుందని ఆవిరితో నడిచే యంత్రం తయారు చేయించాడు. దానికి సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వాళ్లు పతకం ఇచ్చారు. అప్పటికి షీటు గ్లాసు చేసే చాన్స్ బ్రదర్స్ కంపెనీ మూడడుగుల పొడవు అద్దాలు ఇచ్చేది. తన కొలతకి నాలుగడుగులు కావాలని పట్టుబట్టి చేయించుకున్నాడు.

ఇవన్నీ కలిపి చాట్స్‌వర్త్‌లో గ్రేట్ కన్జర్వేటరీ కట్టాడు. 1836లో మొదలైతే 1840 దాకా పట్టింది. ఆర్కిటెక్ట్ డెసిమస్ బర్టన్ సలహా కూడా తీసుకున్నాడు. పొడవు 277 అడుగులు, వెడల్పు 123 అడుగులు. లోపల ఉష్ణదేశాల చెట్లు పెరగాలి కాబట్టి ఎనిమిది బొగ్గు బాయిలర్లు, ఏడు మైళ్ల గొట్టాలు. బొగ్గు కనపడకుండా భూమి కింద సొరంగంలో పట్టాల మీద వచ్చేది. బొగ్గు బాయిల మధ్య పెరిగిన మీకు ఈ ఏర్పాటు ఇట్టే అర్థమవుతుంది.

1849లో దక్షిణ అమెరికా నుంచి వచ్చిన విక్టోరియా లిల్లీ ఇంగ్లండ్‌లో మొదటిసారి ఆయన చేతుల్లోనే పూసింది. ఆకు ఎంత పెద్దదంటే కూతురు ఆనీని దాని మీద నిలబెట్టాడు. మునగలేదు. ఆకు అడుగున ఈనెలు దూలాలు, అడ్డకమ్ముల మాదిరిగా బరువు మోస్తున్నాయని గమనించి, ఆ మొక్క కోసం కట్టిన కొత్త అద్దాల ఇంట్లో అలాంటి అమరికే వాడాడు. నీళ్ల మీద తేలే అద్దం మీకు కొత్త కాదు. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 2022లో మొదలైన 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు సుమారు 500 ఎకరాల్లో పరుచుకుని ఉంది. ఆ ప్యానెళ్ల పైన కనిపించేదంతా టఫెన్డ్ గ్లాసే. అద్దాలతో మనకేం పని అనుకునేవాళ్లు ఓసారి అటు వెళ్లి చూడండి.

1850 నాటికి లండన్‌లో అన్ని దేశాల పరిశ్రమల ప్రదర్శన పెట్టాలని రాణి భర్త ఆల్బర్ట్, హెన్రీ కోల్ వంటివాళ్లు పూనుకున్నారు. హైడ్ పార్క్‌లో భవనం కావాలి. పోటీ పెడితే రెండు వందలకు పైగా డిజైన్లు వచ్చాయి, కమిటీకి ఒక్కటీ నచ్చలేదు. చివరికి కమిటీయే సొంతంగా ఇటుకలతో పెద్ద గుమ్మటం ఉన్న డిజైన్ గీసింది. ప్రదర్శన ఐదారు నెలలు, పార్కులో ఇటుకల గుట్ట మాత్రం శాశ్వతం. జనం మండిపడ్డారు. గడువు ఏడాదిలోపే.

సరిగ్గా అప్పుడు పాక్స్‌టన్ ఏం చేశాడో చూడండి. ఊరికే విమర్శించి ఊరుకోలేదు. నేరుగా కోల్ ఆఫీసుకు వెళ్లి, కొత్త డిజైన్ ఇవ్వడానికి ఇంకా వీలుందా అని అడిగాడు. టెండరు వేసే కాంట్రాక్టర్లు కమిటీ డిజైన్‌కు మార్పులు సూచించవచ్చన్న షరతు ఒకటి ఉందని తెలిసింది. ఆ సందు చాలు. అప్పటికి ఆయన మిడ్లాండ్ రైల్వే డైరెక్టర్లలో ఒకడు. జూన్ 11న డెర్బీలో బోర్డు మీటింగ్. ఓ రైల్వే ఉద్యోగి మీద విచారణ నడుస్తుంటే, ముందున్న బ్లాటింగ్ కాగితం మీద భవనం బొమ్మ గీసేశాడు. తొమ్మిది రోజుల్లో పూర్తి డ్రాయింగులు సిద్ధం. రైల్వే ఇంజినీర్ విలియం బార్లో లెక్కలు సరిచూశాడు.

ఆ బ్లాటింగ్ కాగితం కథే అందరూ చెప్తారు. మెరుపులా ఆలోచన వచ్చిందని. నాకైతే తొమ్మిది రోజుల కంటే ముందటి ఇరవై ఏళ్లే ముఖ్యం అనిపిస్తుంది. కప్పు మడతలు, కాలువ, నాలుగడుగుల అద్దం, చెక్క పట్టీల యంత్రం అన్నీ చాట్స్‌వర్త్‌లో తన చేత్తో పరీక్షించి చూసినవే. పొరపాట్లన్నీ అక్కడే అయిపోయాయి. కాగితం మీద పెట్టడమే మిగిలింది.

జూన్ 20న డ్రాయింగులతో లండన్ రైలెక్కితే అదే రైల్లో రాబర్ట్ స్టీఫెన్సన్ కలిశాడు. ఆయన ప్రదర్శన కమిషన్ సభ్యుడు. దారి పొడవునా డ్రాయింగులు చూపించి ఒప్పించాడు. మీకు రామగుండం స్టేషన్ నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైల్లో ఎవరు తారసపడతారో చెప్పలేం. కానీ తారసపడిన రోజు చూపించడానికి సంచిలో ఏదైనా ఉండాలి. మీరు కొలత తీసి గీసిన కిటికీ డ్రాయింగ్ అయినా సరే, మీ వీధిలోని అల్యూమినియం, గ్లాసు షాపులో నెలరోజులు పనిచేసి రాసుకున్న నోట్సయినా సరే. జులై 6న పాక్స్‌టన్ తన బొమ్మను ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పత్రికలో వేయించాడు. ఇక కమిటీ కాదనలేకపోయింది. ఫాక్స్ హెండర్సన్ అనే కాంట్రాక్టు సంస్థ, చాన్స్ బ్రదర్స్ గ్లాసు ధరతో సహా, 79,800 పౌండ్లకు టెండరు వేసింది. ప్రదర్శన అయ్యాక భవనం విప్పుకుని సామాను వాళ్లే పట్టుకుపోయే షరతు మీద ఆ ధర.

పొడవు 1,848 అడుగులు, అంటే అర కిలోమీటరు దాటి. దాదాపు 3 లక్షల అద్దాలు, ఒక్కోటి సుమారు 49 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు. మొదటి స్తంభం 1850 సెప్టెంబర్ 26న లేచింది. బోలు ఇనుప స్తంభాల్లోంచే వాన నీరు కిందికి దిగేది. గ్లేజింగ్ పని తీరు ఇప్పటికీ చదవదగ్గది. కప్పు మీది కాలువలనే పట్టాలుగా చేసుకుని చక్రాల బండ్లు నడిపారు. బండి మీద అద్దాలు బిగించేవాళ్లు, వాళ్లకు సామాను అందించే కుర్రాళ్లు. పైన గుడ్డ కప్పు ఉండటంతో వానలోనూ పని ఆగలేదు. 80 మంది ఒక్క వారంలో 18 వేలకు పైగా అద్దాలు బిగించారు. పార్కులోని ఎల్మ్ చెట్లు కొట్టొద్దని గొడవైతే, కప్పు ఎత్తు పెంచి చెట్లను భవనం లోపలే ఉంచేశారు. గ్యాలరీలు బరువు ఆగుతాయో లేదో చూడటానికి సైనికులతో కవాతు చేయించారు.

1851 మే 1న తలుపులు తెరిచారు. అక్టోబర్ దాకా 60 లక్షల మంది చూశారు. పేదవాళ్లు ఎలా వెళ్లారనుకుంటున్నారు? ఊరూరా కార్మికులు వారం వారం కొంత జమ చేసుకునే క్లబ్బులు పెట్టుకున్నారు, మన చీటీల్లాగే. మే నెలాఖరు నుంచి ఒక షిల్లింగు టికెట్ రోజులు వచ్చాయి. థామస్ కుక్ ఒక్కడే లక్షన్నర మందిని రైళ్లలో తీసుకెళ్లాడు. లోపల ఆస్లర్ కంపెనీ చేసిన 27 అడుగుల గాజు ఫౌంటెన్, మన గోల్కొండ రాజ్యపు గనుల కోహినూర్ ఉన్నాయి. కోహినూర్ మెరవడం లేదని జనం పెదవి విరిచారు, మరుసటి ఏడాది దాన్ని మళ్లీ సానబట్టారు. బయట 24 టన్నుల ఒకే ఒక్క బొగ్గు గడ్డ నిలబెట్టారు. బొగ్గు ఊరి వాళ్లకు అద్దాల పండగలో చోటు అప్పుడే ఉంది చూశారా!

అన్ని వేల స్టాళ్లలో ఏది చూడాలో ముందే రాసుకుని వెళ్లినవాళ్లకే పని జరిగింది. ఇప్పుడూ అంతే. చాలా ట్రేడ్ షోలకు ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చూడటానికి టికెట్ ఉండదు, సదస్సు సెషన్లకు మాత్రం వేరే ఫీజు. హాలు మ్యాపు చూసి ఆరేడు స్టాళ్లు గుర్తు పెట్టుకోండి. మొదటి రోజు పొద్దున మేనేజర్లు కస్టమర్లతో తీరిక లేకుండా ఉంటారు. చివరి రోజు మధ్యాహ్నం అయితే మెషీన్ దగ్గర నిలబడ్డ సర్వీసు ఇంజినీరు తీరిగ్గా మాట్లాడతాడు. టఫెనింగ్ ఫర్నేస్ ఆపరేటర్లు, ఫసాడ్ డ్రాయింగులు చేసేవాళ్లు, సైట్ సూపర్‌వైజర్లు ఎక్కడ కావాలో ఆయనకే తెలుస్తుంది. మీ పేరు, ఫోన్ నంబరు, కోర్సు రాసిన చిన్న చీటీ ఇచ్చి రండి, వారంలోపు ఫోన్ చేయండి.

ప్రదర్శనకు 1,86,000 పౌండ్లు మిగిలాయి. ఆ డబ్బుతో లండన్ మ్యూజియాలకు స్థలం కొన్నారు, తర్వాత పరిశోధక విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు పెట్టారు. రూథర్‌ఫర్డ్‌ అలా వచ్చినవాడే. మన హోమీ భాభాకూ ఆ నిధి నుంచే సాయం అందింది. పాక్స్‌టన్‌కు 5,000 పౌండ్లు, సర్ బిరుదు ఇచ్చారు. అంతా బాగుందని కాదు. కప్పు అక్కడక్కడా కారింది. ఎండాకాలం లోపల ఉక్కపోత. భవనాన్ని విప్పి సిడెనమ్‌లో ఇంకా పెద్దగా కడుతుంటే 1853 ఆగస్టులో పరంజా కూలి 12 మంది పనివాళ్లు చనిపోయారు. బాయి ప్రమాదాలు తెలిసిన ఊరివాళ్లు మీరు, ఆ 12 ఇళ్ల పరిస్థితి మీకు వేరే చెప్పక్కర్లేదు. గ్లేజింగ్ పనిలో చేరితే హెల్మెట్, హార్నెస్ ఇచ్చే సైటేనా కాదా అని జీతం కంటే ముందు అడగండి.

పాక్స్‌టన్ 1854లో కోవెంట్రీ నుంచి పార్లమెంటుకు గెలిచాడు, చివరిదాకా సభ్యుడిగానే ఉన్నాడు. లండన్ చుట్టూ అద్దాల కప్పుతో పది మైళ్ల రోడ్డూ రైలుమార్గమూ కట్టాలని ప్లాన్ ఇచ్చాడు, అది కాగితం మీదే ఉండిపోయింది. 1865 జూన్ 8న కన్నుమూశాడు. చాట్స్‌వర్త్ ఎస్టేట్‌లోనే ఎడెన్సర్ గ్రామంలో సమాధి చేశారు. ఆ నమూనాలో 1889లో బెంగళూరు లాల్‌బాగ్‌లో గ్లాస్ హౌస్ వచ్చింది, పూల ప్రదర్శనకు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. సిడెనమ్ భవనం 1936 నవంబర్ 30న ఒక్క రాత్రిలో కాలిపోయింది. చాట్స్‌వర్త్ కన్జర్వేటరీది వేరే కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో బాయిలర్లకు బొగ్గు దొరకలేదు, మొక్కలు చచ్చిపోయాయి. 1920లో దాన్ని పేల్చేశారు. పునాది గోడలు మాత్రం మిగిలాయి, వాటి మధ్య ఇప్పుడు పొదలతో పెంచిన చిక్కుదారి ఉంది.