శాండో బనియన్ వెనకున్న మనిషి

మీ ఇంట్లో దండెం మీద చేతుల్లేని బనియన్ ఒకటైనా ఆరుతూ ఉంటుంది. కొట్టుకి వెళ్లి దాన్ని శాండో బనియన్ అనే అడుగుతాం. ఆ శాండో ఎవరని ఎప్పుడైనా అనుకున్నారా? అది కంపెనీ పేరు కాదు, మనిషి పేరు. ఇవాళ జిమ్‌లో మీ నడుము కొలత రాసుకుని, మీకు ఏ వ్యాయామం ఎంతో లెక్క చెప్పే ట్రైనర్ ఉంటారు కదా... ఆ వృత్తికి బాట వేసిన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది యూజెన్ శాండో గురించే.

ఆయన అసలు పేరు ఫ్రెడరిక్ విల్హెల్మ్ ముల్లర్. 1867లో, అప్పట్లో ప్రష్యాలో ఉన్న కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టారు. చిన్నప్పుడు బక్కపలచగా ఉండేవాడిననీ, నాన్నతో ఇటలీ వెళ్లి పాతకాలపు శిల్పాలు చూశాక తనకూ అలాంటి ఒళ్లు కావాలనిపించిందనీ ఆయనే రాసుకున్నారు. జీవితచరిత్రకారులు దీన్ని పూర్తిగా నమ్మరు. తన గురించి కథలు అల్లుకోవడంలో శాండో దిట్ట మరి! వాళ్లు ఒప్పుకొనేది ఇంతవరకే: సైన్యంలో చేరాల్సిన వయసులో దేశం దాటి సర్కస్‌ల వెంట తిరిగారు. బ్రసెల్స్‌లో ప్రొఫెసర్ అట్టిలా అనే గురువు దగ్గర బరువులెత్తడం ఒక పద్ధతిగా నేర్చుకున్నారు. 1889లో లండన్‌లో అప్పటికే పేరున్న ఒక బలశాలి సవాలును వేదిక మీదే గెలవడంతో రాత్రికి రాత్రే ప్రసిద్ధుడయ్యారు.

1893లో షికాగోలో ప్రదర్శనలిచ్చేటప్పుడు ఆయన మేనేజరు ఒక సంగతి పసిగట్టాడు. జనం ఆయన ఎత్తే బరువుల కంటే ఆయన కండరాలనే ఎక్కువ ఆసక్తిగా చూస్తున్నారు. మరుసటి ఏడాది ఎడిసన్ స్టూడియోలో శాండో కండలు చూపిస్తుండగా చిన్న చలనచిత్రం కూడా తీశారు.

ఇక్కడితో ఆగిపోతే ఆయన కూడా ఒక సర్కస్ వస్తాదుగానే మిగిలేవారు. 1897లో లండన్‌లో వ్యాయామశాల తెరిచారు. వచ్చేవాళ్లు పహిల్వాన్లు కాదు. రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసే గుమస్తాలు, వ్యాపారులు, లాయర్లు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్ కూడా ఆయన శిష్యుడే. చేరినవాళ్ల ఛాతీ, చేతులు, తొడలు కొలిచి, వాళ్లకు తగ్గ వ్యాయామాల పట్టిక ఇచ్చేవారు. రాలేనివాళ్లకు పోస్టులో పంపేవారు. ఇప్పటి ఆన్‌లైన్ కోచింగ్‌కు అది తాతలాంటిది.

ఆయన ఇచ్చిన సరంజామా చూస్తే మీరు ఆశ్చర్యపోతారు. మామూలు మనిషికి ఆయన మొదట చేతికిచ్చిన డంబెల్ రెండు కిలోలకు కాస్త ఎక్కువ, అంతే. తేలిక బరువుతో మొదలుపెట్టి, రోజులు గడిచేకొద్దీ సార్లు పెంచమన్నారు. చెయ్యి ఎలాగోలా ఊపేయకుండా, పనిచేస్తున్న కండరం మీదే మనసు పెట్టమన్నారు. 1901లో లండన్ ఆల్బర్ట్ హాల్లో ఆయన పెట్టిన దేహదారుఢ్య పోటీలో కూడా కండ ఒక్కటే చూడలేదు. ఒంటి పొందిక, చర్మం తీరు, మొత్తం ఆరోగ్యం లెక్కలోకి తీసుకున్నారు. ఒక న్యాయనిర్ణేత కానన్ డాయిలే. మన దేశానికీ ఆ తర్వాత వచ్చి ప్రదర్శనలిచ్చారు. ఇక్కడ వీరఘట్టం వాసి కోడి రామమూర్తి నాయుడు కలియుగ భీముడిగా పేరు తెచ్చుకున్నదీ దాదాపు ఆ కాలంలోనే.

మరి శాండో చెప్పిందాంట్లో ఇవాళ్టి వైద్యం ఒప్పుకొనేది ఎంత? చాలానే. ముప్ఫై దాటాక కండ మెల్లగా తరుగుతుంది. అరవై తర్వాత ఆ తరుగుదల వేగం పుంజుకుంటుంది. కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాల్సి రావడం, మెట్లెక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకోవడం అక్కడి నుంచి వచ్చేవే. పైగా మన రక్తంలోని గ్లూకోజును ఎక్కువగా వాడుకునేది కండరాలే. అవి పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ అంతగా లేకపోయినా గ్లూకోజును లోపలికి లాక్కుంటాయి. ఇంటికొక షుగరు మనిషి ఉన్న మనకు ఇది చిన్న మాట కాదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నిమిషాల చురుకైన నడకలాంటి వ్యాయామంతో పాటు, కనీసం రెండు రోజులు కండరాలకు పనిచెప్పమంటోంది. మనలో చాలామంది పొద్దున నడకతో సరిపెట్టేసి, ఆ రెండోది వదిలేస్తాం. లీటరు నీళ్ల సీసాలు రెండు చాలు. గోడకు చేతులానించి చేసే దండీలు, కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం కూడా దీనికిందికే వస్తాయి.

ఆయన చెప్పినవన్నీ సరైనవేం కాదు. వ్యాయామం సరిగ్గా చేస్తే దాదాపు ఏ జబ్బయినా నయమవుతుందన్నంత దూరం వెళ్లారు. తన పేరు మీద కోకో పొడి కూడా అమ్మారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆ వ్యాపారం మునిగింది. జిమ్ కౌంటర్ మీద డబ్బాలు చూసినప్పుడు నాకు అదే గుర్తొస్తుంది.

1925 అక్టోబరులో, 58 ఏళ్లకే శాండో చనిపోయారు. గుంటలో పడ్డ కారును ఒక్కడే ఎత్తబోయి రక్తనాళం చిట్లిందని పత్రికలు రాశాయి. అధికారిక పత్రాల్లో ఉన్నది గుండె నుంచి బయల్దేరే ప్రధాన రక్తనాళం ఉబ్బి ప్రాణం తీసిందని. కారణం ఏదైనా, మీరు డంబెల్ పట్టుకునే ముందు రెండు పనులు చేయండి. నలభై దాటితే, బీపీ, గుండె సమస్య ఉంటే డాక్టరును కలవండి. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకండి. ఆ క్షణంలో రక్తపోటు అమాంతం ఎగబాకుతుంది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, దించేటప్పుడు పీల్చండి.

లండన్‌లోని పట్నీ వేల్ శ్మశానంలో ఆయన సమాధికి చాలా ఏళ్లు పేరున్న రాయి కూడా లేదు. మిస్టర్ ఒలింపియా గెలిచినవాళ్లకు ఇచ్చే కంచు బొమ్మ మాత్రం ఆయనదే.