గొంతు తగ్గించి గెలిచిన సాలూరి

సాలూరి రాజేశ్వరరావు గారు 1922లో సాలూరు దగ్గర శివరామపురంలో జన్మించారు. (ఊరు కదలకుండానే సాలూరు విశాఖ, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు దాటి 2022లో పార్వతీపురం మన్యం జిల్లాకు చేరింది!) తండ్రి సన్యాసిరాజు గారు మృదంగ విద్వాంసులు. 1935లోనే ‘శ్రీకృష్ణ లీలలు’ చిత్రంలో బాలకృష్ణుడిగా పాడి నటించారు.

ఆ రోజుల్లో పాటంటే నాటకాల పాటే. చివరి వరుసలో కూర్చున్నవాడికి వినబడేలా గొంతెత్తాలి. ఆ వరవడిలో పెరిగిన కుర్రవాడు సినిమా పని మీద కలకత్తా వెళ్లి, సైగల్, పంకజ్ మల్లిక్ గార్లు మైకు ముందు మాట్లాడినంత మెల్లగా పాడటం విన్నారు. సైగల్ గారి వద్ద హిందుస్తానీ కూడా నేర్చారు. నన్నడిగితే గొంతు ఎత్తడం కన్నా తగ్గించడమే కష్టం. ఊపిరి పట్టు తప్పితే శ్రుతి జారుతుంది, మాట చివర గాలిలో కలిసిపోతుంది. మైకు ఆ లోపాన్ని దాచదు, పెద్దది చేసి చూపిస్తుంది.

మద్రాసు తిరిగి వచ్చాక ఒంటరిగానూ, రావు బాలసరస్వతీదేవి గారితోనూ ఇచ్చిన రికార్డులతో తెలుగులో లలిత సంగీతానికి దారి పడింది. తరువాత బాణీలకే పరిమితమై, తాను పాడటం తగ్గించారు. అది మన నష్టమే. అయితే 1951 నాటి ‘మల్లీశ్వరి’ మరోసారి వినండి. విజయనగరంలో సంగీతం నేర్చిన ఘంటసాల గారి నిండు కంఠం అందులో ఎంత మెత్తబడిందో తెలుస్తుంది. రాజేశ్వరరావు గారు 1999లో కన్నుమూశారు.