వెలివేసిన వారికి తోడు వెళ్ళిన ఫాదర్ డేమియన్

కుష్ఠు సోకిందంటే కన్నబిడ్డనైనా ఇంటి నుంచి పంపివేసే రోజులవి. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి రాజ్యం 1865లో ఇందుకు చట్టమే చేసింది. 1866 నుంచి రోగులను ఓడలెక్కించి మొలకాయి దీవికి చేర్చేవారు. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు నిట్టనిలువు కొండ. అలాంటి చోటికి కోరి వెళ్ళి, అక్కడే కన్నుమూసిన మనిషి ఫాదర్ డేమియన్.

ఆయన 1840 జనవరి 3న బెల్జియం దేశంలోని ట్రెమెలో గ్రామంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జోసెఫ్. అన్నగారి బాటలోనే లూవెన్ పట్టణంలోని మఠంలో చేరారు. హవాయికి వెళ్ళవలసిన అన్నగారు విషజ్వరంతో మంచం పట్టగా, ఆయనకు బదులు తాను బయలుదేరారు. 1864 మార్చిలో హొనొలులు చేరి, మే నెలలో గురువుగా అభిషిక్తులయ్యారు. తొమ్మిదేళ్ళు అక్కడి పల్లెల్లో పనిచేశారు.

1873 మే 10న మొలకాయిలో అడుగుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 33 ఏళ్ళు. గురువులు వంతులవారీగా వెళ్ళి రావాలన్నది మొదటి ఏర్పాటు. డేమియన్ మాత్రం అక్కడే ఉండిపోతానని కోరారు. తొలి రోజుల్లో మొగలి జాతి చెట్టు కిందనే పడుకున్నారు.

రైతు కుటుంబంలో పెరిగిన ఆయన కాయకష్టానికి వెనుదీయలేదు. రంపం, సుత్తి పట్టి ఇళ్ళు కట్టారు. లోయ నుంచి గొట్టాల ద్వారా మంచినీరు తెప్పించారు. పుండ్లు కడిగి కట్లు కట్టారు. చనిపోయిన వారికి పెట్టెలు చేసి, గోతులు తవ్వి, మర్యాదగా సాగనంపారు. చేమదుంపలు ఉడికించి దంచి చేసే ముద్దను రోగులతో కలిసి ఒకే పాత్రలో తిన్నారు. రోగులను తాకవద్దన్న పెద్దల మాట పాటించలేకపోయారు.

ఒకనాడు మరుగుతున్న నీటిలో కాలు పెట్టారు. బొబ్బలెక్కినా మంట తెలియలేదు. తనకూ కుష్ఠు సోకిందని 1885లో తేలిపోయింది. అయినా పని మానలేదు. 1888లో మదర్ మరియన్ కోప్ సహచర సన్యాసినులతో వచ్చి సేవాభారం అందుకున్నారు. 1889 ఏప్రిల్ 15న, 49వ ఏట డేమియన్ మరణించారు. ఆ మొగలి చెట్టు కిందే సమాధి చేశారు. 1936లో అస్థికలను బెల్జియం చేర్చారు. 2009లో పోప్ బెనెడిక్ట్ ఆయనను పునీతునిగా ప్రకటించారు.

ఆయన మొలకాయి చేరిన 1873లోనే నార్వే వైద్యుడు హాన్సెన్ ఈ రోగానికి కారణమైన క్రిమిని కనుగొన్నారు. మందు రావడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. హవాయిలో నిర్బంధ చట్టం 1969లో పోయింది. అప్పటికి సుమారు 8 వేల మందిని ఆ దీవికి తరలించారు.

నేడు 6 నుంచి 12 నెలల మందులతో కుష్ఠు నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. స్పర్శ లేని మచ్చ కనిపిస్తే దాచక చూపించుకోవాలి. మందు లేని రోజుల్లోనే డేమియన్ రోగుల చేయి పట్టుకున్నారు. మందు ఉన్న ఈ రోజుల్లో ఎవరినీ ఊరవతల ఉంచవలసిన పని లేదు.