రక్తం గుట్టు విప్పిన లాండ్‌స్టైనర్

మీ ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా రక్తం ఎక్కించారా? అయితే ఈ ఇబ్బంది మీకు తెలిసే ఉంటుంది. డాక్టరు చీటీ రాసిస్తారు. పేషెంటు దగ్గర శాంపిల్ తీసి మీ చేతికిస్తారు. అది పట్టుకుని బ్లడ్ బ్యాంకుకు పరుగెడితే అక్కడ సుమారు గంట ఆగమంటారు. గ్రూపు ఏమిటో కార్డులో రాసే ఉంది, అదే గ్రూపు రక్తం ఫ్రిజ్‌లోనూ ఉంది, మరి ఆలస్యం ఎందుకని చాలామందికి కోపం వస్తుంది. మా ప్రభుత్వాసుపత్రి వార్డులో ఈ ప్రశ్న వినని వారం ఉండదు. నైట్ డ్యూటీ హడావుడిలో నేనూ పొడిపొడిగా ఏదో చెప్పి వెళ్లిపోయిన రోజులున్నాయి. పూర్తి జవాబు చెప్పాలంటే కార్ల్ లాండ్‌స్టైనర్ అనే డాక్టరు కథ చెప్పాలి.

పోస్ట్‌మార్టం గదిలో పదేళ్లు

లాండ్‌స్టైనర్ 1868 జూన్ 14న ఆస్ట్రియాలోని వియన్నా దగ్గర పుట్టారు. తండ్రి పేరున్న పాత్రికేయుడు. కొడుక్కి ఆరేళ్లప్పుడే ఆయన చనిపోతే తల్లే పెంచింది. 1891లో వియన్నాలో డాక్టరు పట్టా వచ్చింది. ఆ తర్వాత ప్రాక్టీసు పెట్టకుండా జర్మనీ, స్విట్జర్లాండ్ వెళ్లి రసాయనశాస్త్రం నేర్చుకున్నారు. శరీరం రోగాలతో ఎలా పోరాడుతుందో తెలియాలంటే అందులోని పదార్థాల రసాయన స్వభావం తెలియాలన్నది ఆయన నమ్మకం.

1898 నుంచి పదేళ్లపాటు వియన్నాలో పాథాలజీ విభాగంలో పనిచేశారు. ఉద్యోగం పోస్ట్‌మార్టం చేయడం. ఆ పదేళ్లలో మూడున్నర వేలకు పైగా చేశారు. పరిశోధన అంతా ఆ పనితో పాటే సాగింది.

అప్పట్లో ఒకరి రక్తం మరొకరికి ఎక్కించడం జూదం లాంటిది. కొందరు కోలుకునేవారు. కొందరికి ఎక్కించిన కాసేపటికే చలి, వణుకు, నడుంనొప్పి మొదలై, మూత్రం నల్లగా మారి, ప్రాణం పోయేది. ఎందుకో తెలియదు. అందుకే చాలామంది డాక్టర్లు ఆ ప్రయత్నమే మానుకున్నారు.

ఆరుగురి రక్తం, ముప్పై ఆరు గడులు

ఒకరి సీరంలో మరొకరి ఎర్ర రక్తకణాలు కలిపితే ఒక్కోసారి అవి గుంపులుగా అంటుకుపోతాయని అప్పటికే కొందరు గమనించారు. అది జబ్బు వల్లనే అయి ఉంటుందనుకున్నారు. ఆరోగ్యవంతుల రక్తంలోనూ ఇలా జరుగుతోందని లాండ్‌స్టైనర్ 1900లో ఒక వ్యాసం అడుగున ఫుట్‌నోట్‌గా రాశారు. అక్కడితో వదిలేయలేదు.

మరుసటి ఏడాది తనతో సహా ఆరుగురు ఆరోగ్యవంతుల రక్తం తీసుకున్నారు. సీరం, కణాలు వేరు చేసి, ప్రతి ఒక్కరి సీరంలో ప్రతి ఒక్కరి కణాలు కలిపి చూశారు. ఆరు ఆర్లు ముప్పై ఆరు. ఎక్కడ అంటుకున్నాయో, ఎక్కడ అంటుకోలేదో పట్టిక గీశారు. ఎవరి సీరమూ సొంత కణాలను ముద్దకట్టించలేదు. మిగతా గడుల్లో ఒక క్రమం కనిపించింది. ఒక రకం వాళ్ల సీరం రెండో రకం కణాలను ముద్దకట్టిస్తోంది, రెండో రకం వాళ్ల సీరం మొదటి రకం కణాలను. వాటికి ఎ, బి అని పేరు పెట్టారు. మూడో రకం కణాలను ఏ సీరమూ ఏమీ చేయలేదు, కానీ ఆ మనుషుల సీరం మాత్రం ఎ, బి రెండింటినీ ముద్దకట్టించింది. దానికి సి అని పేరు పెట్టారు. ఈ రోజు మనం ‘ఓ’ అంటున్నది దాన్నే. తర్వాతి ఏడాది ఆయన సహచరులు మరింతమందిని పరీక్షించి నాలుగో రకాన్ని, అంటే ఎబిని, కనిపెట్టారు.

మీరు గుర్తుంచుకోవాల్సిన సూత్రం చిన్నదే. ఎ, బి గుర్తుల్లో మీ కణాల మీద ఏది లేదో, దానికి వ్యతిరేకమైన యాంటీబాడీ మీ రక్తంలో సిద్ధంగా ఉంటుంది. బి గ్రూపు మనిషికి ఎ రక్తం ఎక్కిస్తే ఆ యాంటీబాడీలు వచ్చిన కణాలను పగలగొడతాయి. అందులోంచి బయటపడినవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. నల్లటి మూత్రం వెనక ఉన్న రహస్యం ఇదే.

అచ్చయినా అందలేదు

1901 నవంబరులో వియన్నా వైద్య వారపత్రికలో ఈ పేపరు వచ్చింది. మూడే పేజీలు. రక్తం ఎక్కించినప్పుడు ఫలితాలు ఒక్కోసారి ఒక్కోలా ఎందుకుంటున్నాయో దీనివల్ల తెలియవచ్చని చివర్లో రాశారు కూడా. కానీ డాక్టర్లు వెంటనే అందుకోలేదు. తీసిన రక్తం నిమిషాల్లో గడ్డకట్టేది కాబట్టి దాత రక్తనాళాన్ని రోగి రక్తనాళానికి కలిపి కుట్టాల్సి వచ్చేది. అంత కష్టమైన పని చేసేవాళ్లే తక్కువ.

1907లో న్యూయార్క్‌లో రూబెన్ ఆటెన్‌బర్గ్ రక్తం ఎక్కించే ముందు దాత, రోగి రక్తాలను కలిపి చూడటం మొదలుపెట్టారు. అదే నేటి క్రాస్‌మ్యాచింగ్‌కు నాంది. అదే ఏడాది చెక్ డాక్టరు యాన్ యాన్‌స్కీ, 1910లో అమెరికాలో విలియం మాస్ విడివిడిగా నాలుగు గ్రూపులనూ మళ్లీ కనిపెట్టి అంకెలు వేశారు. చిక్కేమిటంటే ఒకరి ఒకటో గ్రూపు మరొకరికి నాలుగో గ్రూపు! ఏ ఆసుపత్రిలో ఏ లెక్క వాడుతున్నారో తెలియకపోతే ప్రాణాల మీదకు వచ్చేది. చివరికి అక్షరాల పద్ధతే నిలిచింది. 1914, 15లలో సోడియం సిట్రేట్ కలిపితే రక్తం గడ్డకట్టదని తేలింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ రక్తం సైనికులను కాపాడింది. లాండ్‌స్టైనర్‌కు నోబెల్ వచ్చింది 1930లో. పేపరు అచ్చయ్యాక 29 ఏళ్లకు!

రక్తం ఒక్కటే కాదు

ఆయన జీవితకాలంలో మూడు వందలకు పైగా పేపర్లు ప్రచురించారు. చలి తగిలితే మూత్రం ఎర్రగా మారే ఒక అరుదైన జబ్బులో రోగి సొంత యాంటీబాడీయే సొంత కణాలను నాశనం చేస్తోందని 1904లో జూలియస్ డొనాత్‌తో కలిసి చూపించారు. శరీరం తన మీదే తిరగబడే జబ్బులను అర్థం చేసుకోవడంలో అది తొలి అడుగు. పోలియోతో చనిపోయిన బాలుడి వెన్నుపాము నుంచి కోతులకు ఆ జబ్బు సంక్రమిస్తుందని 1908లో ఎర్విన్ పాపర్‌తో కలిసి నిరూపించారు. మన పిల్లల నోట్లో పడుతున్న రెండు చుక్కల దాకా వచ్చిన దారి అక్కడే మొదలైంది.

యుద్ధం తర్వాత వియన్నాలో బతుకు కష్టమైంది. 1919లో కుటుంబంతో నెదర్లాండ్స్‌కు వెళ్లి, ద హేగ్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో రక్త, మూత్ర పరీక్షలు చేసే ఉద్యోగంలో చేరారు. అక్కడ కూడా పరిశోధన ఆగలేదు. తమంతట తాము యాంటీబాడీలను పుట్టించలేని చిన్న రసాయనాలు, ప్రొటీన్‌కు అంటుకుంటే పుట్టించగలవని తేల్చి వాటికి హాప్టెన్ అని పేరు పెట్టారు. పెన్సిలిన్ కొందరికి ఎందుకు పడదో ఈ రోజు మేం వివరించేది ఈ సిద్ధాంతంతోనే. 1923లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థ పిలిచింది. ఈ విషయాల మీద ఆయన పుస్తకం 1933లో జర్మన్‌లో, 1936లో ఇంగ్లిషులో వచ్చింది. యాంటీబాడీల ఆకారం గురించి లైనస్ పౌలింగ్ లాంటి మేటి రసాయన శాస్త్రవేత్త ఆలోచించడం మొదలుపెట్టింది ఆ పుస్తకం, ఆయన మాటల ప్రభావంతోనే.

డెబ్బై దాటాక ఆర్‌హెచ్

1940లో అలెగ్జాండర్ వీనర్‌తో కలిసి ఆర్‌హెచ్ ఫ్యాక్టర్‌ను ప్రకటించారు. రీసస్ జాతి కోతి రక్తంతో చేసిన ప్రయోగంలో బయటపడింది కాబట్టి ఆ పేరు. మీ గ్రూపు పక్కన ఉండే పాజిటివ్, నెగెటివ్ అదే. ఒకప్పుడు ఆయన దగ్గరే పనిచేసిన ఫిలిప్ లెవిన్, నెగెటివ్ తల్లి కడుపులో పాజిటివ్ బిడ్డ ఉంటే వచ్చే ప్రమాదాన్ని దీనితో ముడిపెట్టి వివరించారు. దానికి విరుగుడుగా యాంటీ-డి ఇంజెక్షన్ 1968 నుంచి వాడుకలోకి వచ్చింది. అది చూడటానికి లాండ్‌స్టైనర్ లేరు. 1943 జూన్‌లో ల్యాబ్‌లో పనిచేస్తుండగానే గుండెపోటు వచ్చి, రెండు రోజులకు 26న కన్నుమూశారు. ఆయన పుట్టినరోజు జూన్ 14నే ప్రపంచం రక్తదాతల దినోత్సవంగా జరుపుకుంటోంది.

ఇక ఆ గంట సంగతి

1952లో బొంబాయిలో డాక్టర్ వై.ఎం. భెండే బృందం ఒక వింత రక్తాన్ని గుర్తించింది. మామూలు పరీక్షలో అది ‘ఓ’లా కనిపిస్తుంది. కానీ ‘ఓ’ రక్తం ఎక్కిస్తే ప్రాణాపాయం. అదే బాంబే బ్లడ్ గ్రూపు. ఇలాంటివి కార్డులో రాసిన గ్రూపు చూసి పట్టుకోలేం. ఇంతకుముందు రక్తం ఎక్కించుకున్నవారిలో, కాన్పులైన మహిళల్లో కొత్త యాంటీబాడీలు పుట్టి ఉండవచ్చు. అవీ కార్డులో ఉండవు. అందుకే ప్రతిసారీ ఈ రోగి తాజా శాంపిల్‌ను ఈ సంచి రక్తంతోనే కలిపి చూడాలి. 1901లో లాండ్‌స్టైనర్ ఆ ముప్పై ఆరు గడుల్లో చేసిన పనినే మీ వాళ్ల కోసం బ్లడ్ బ్యాంకులో మళ్లీ చేస్తారు.

కాబట్టి మూడు మాటలు గుర్తుంచుకోండి. శాంపిల్ ట్యూబు మీద పేషెంటు పేరు, నంబరు సరిగా ఉన్నాయో లేదో మీరూ చూడండి. పొరపాట్లు ఎక్కువగా జరిగేది అక్కడే. మీ ఇంట్లో గర్భిణి ఉంటే మొదటి చెకప్‌లోనే గ్రూపు తెలుసుకోండి. ఆమె నెగెటివ్, భర్త పాజిటివ్ అయితే 28వ వారంలో, బిడ్డ పాజిటివ్‌గా పుడితే కాన్పు తర్వాత 72 గంటల్లోపు యాంటీ-డి గురించి డాక్టరును అడగండి. అబార్షన్ అయినా అడగడం మరవొద్దు. రక్తం ఎక్కుతుండగా చలి, వణుకు, నడుంనొప్పి, ఆయాసం కనిపిస్తే వెంటనే సిస్టర్‌ను పిలవండి. సంకోచించకండి.

ఈసారి బ్లడ్ బ్యాంకు ముందు బెంచీ మీద కూర్చున్నప్పుడు లోపల ఏం జరుగుతోందో మీకు తెలుసు. ఆ గంట మీ వాళ్ల ప్రాణం కోసమే.