చూసిన సినిమాలే గురువులు: సత్యజిత్ రే జీవన రేఖలు

1950లో ఒక ప్రకటనల సంస్థ తన కలకత్తా ఉద్యోగిని పని మీద లండన్‌కు పంపింది. ఆ యువకుడు అక్కడ సుమారు ఆరు నెలలు ఉన్నారు. పగలు కార్యాలయంలో పనిచేస్తూ, సాయంకాలాలు చిత్రశాలల్లో గడుపుతూ వందకు దగ్గరగా సినిమాలు చూశారు. వాటిలో ఒకటి ఆయన జీవిత గమనాన్నే మార్చివేసింది. ఆ చిత్రం ఇటలీ దర్శకుడు విట్టోరియో డి సికా రూపొందించిన ‘బైసికిల్ థీవ్స్’. ఆ యువకుడు సత్యజిత్ రే.

1921 మే 2న కలకత్తాలో రే జన్మించారు. తాత ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి, తండ్రి సుకుమార్ రాయ్ వంగ సాహిత్యంలో, ముద్రణ కళలో లబ్ధప్రతిష్ఠులు. రెండేళ్ల వయస్సులోనే తండ్రిని కోల్పోయిన రేను తల్లి సుప్రభ పెంచి పెద్దచేశారు. విద్యార్థి దశలోనే ఆయనకు సినిమాలపై మక్కువ ఏర్పడింది. హాలీవుడ్ నటి డియానా డర్బిన్‌కు అభిమానంతో లేఖ రాస్తే ఆమె నుంచి జవాబు వచ్చింది. తరువాత ‘డబుల్ ఇండెమ్నిటీ’ చూసి ముగ్ధుడై, దర్శకుడు బిల్లీ వైల్డర్‌కు పన్నెండు పుటల లేఖ పంపారు. దానికి మాత్రం జవాబు రాలేదు.

శాంతినికేతన్‌లో నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీల వద్ద చిత్రకళ అభ్యసించిన రే, 1943లో నెలకు 80 రూపాయల జీతంపై ప్రకటనల సంస్థలో చేరారు. సినిమా పాఠాలు నేర్పే విద్యాలయాలు దేశంలో లేని కాలమది. అందుకే చిత్రశాలనే ఆయన తరగతి గదిగా చేసుకున్నారు. దర్శకులు ఒక దృశ్యాన్ని ఎక్కడ తుంచి మరొకదానితో ఎలా జోడిస్తున్నారో చీకట్లోనే కాగితంపై గుర్తులు రాసుకునేవారు. ఏదైనా కథ సినిమాగా రానున్నదని ప్రకటన వెలువడితే, ముందుగా తానే దానికి చిత్రానువాదం రాసుకుని, తరువాత తెరపై చూసిన దానితో పోల్చుకునేవారు.

1947లో చిదానంద దాస్‌గుప్తా తదితరులతో కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించారు. ఐసెన్‌స్టీన్ తీసిన ‘బ్యాటిల్‌షిప్ పొటెంకిన్’తో ఆ సంస్థ ప్రదర్శనలు మొదలయ్యాయి. 1949లో ఫ్రెంచి దర్శకుడు జాన్ రెన్వార్ ‘ద రివర్’ చిత్రం కోసం వంగదేశానికి వచ్చినప్పుడు, సెలవు దినాల్లో రే ఆయన వెంట పల్లెలు తిరిగారు. తాను ప్రతిరోజూ చూస్తున్న చెరువులను, అరటి తోటలను ఒక విదేశీయుడు ఎంతటి శ్రద్ధతో గమనిస్తున్నాడో ఆయన దగ్గరగా చూశారు.

‘బైసికిల్ థీవ్స్’ కథ చాలా చిన్నది. యుద్ధానంతర రోమ్ నగరంలో గోడపత్రికలు అంటించే పని దొరికిన ఒక నిరుపేద సైకిల్ దొంగల పాలవుతుంది. సైకిల్ లేకపోతే ఉద్యోగం ఉండదు. తండ్రీ కొడుకులు దాని కోసం నగరమంతా గాలిస్తారు. కథానాయకుడి పాత్ర ధరించినది ఒక కర్మాగార శ్రామికుడు. తారలు, భారీ సెట్లు లేకుండా, నిజమైన వీధుల్లో, కొత్త ముఖాలతో గొప్ప చిత్రం తీయవచ్చునన్న నమ్మకం రేకు అక్కడ కలిగింది. విభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల ‘పథేర్ పాంచాలీ’ అప్పటికే ఆయన మనసులో ఉంది. స్వదేశానికి తిరిగివచ్చే ఓడలోనే దాని చిత్రీకరణకు ప్రణాళిక రాయడం ప్రారంభించారు.

1952లో భారతదేశపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం బొంబాయిలో ప్రారంభమై, నాటి తెలుగు చిత్రసీమకు నెలవైన మద్రాసుతో పాటు ఢిల్లీ, కలకత్తా నగరాలకూ వెళ్లింది. కలకత్తాలో రే జపాన్ దర్శకుడు అకిరా కురొసావా తీసిన ‘రషోమన్’ను వరుసగా మూడు రోజులు చూశారు. అడవిలో వెలుగునీడల మధ్య కెమెరా సాగే తీరు ఆయనను విస్మయపరచింది.

అదే ఏడాది అక్టోబర్‌లో ‘పథేర్ పాంచాలీ’ చిత్రీకరణ రెల్లు పూల మధ్య మొదలైంది. మరుసటి వారం వెళ్లేసరికి పశువులు ఆ పూలన్నీ మేసేశాయి. మిగిలిన దృశ్యం కోసం మరో ఏడాది పూతదాకా ఆగవలసి వచ్చింది. డబ్బు లేక చిత్రీకరణ పదేపదే నిలిచిపోయింది. జీవిత బీమాపై అప్పు తెచ్చారు, సంగీత రికార్డులు అమ్మారు, భార్య విజయ నగలు కుదువపెట్టారు. అప్పు పాత్రధారి గొంతు మారకపోవడం, దుర్గ పెద్దది కాకపోవడం, వృద్ధురాలైన చునీబాలా దేవి జీవించి ఉండటం తన అదృష్టమని రే తరువాత తలచుకునేవారు. చివరకు ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ చొరవతో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆర్థిక సాయం అందించింది. 1955లో చిత్రం విడుదలైంది. 1956లో కాన్ ఉత్సవంలో ఉత్తమ మానవీయ చిత్రంగా గౌరవం పొందింది.

ఖ్యాతి లభించిన తరువాత కూడా రేలోని ప్రేక్షకుడు అలసిపోలేదు. 1959లో ఏర్పడిన ఫిల్మ్ సొసైటీల సమాఖ్యకు అధ్యక్షత వహించారు. 1976లో వెలువడిన ‘అవర్ ఫిల్మ్స్, దెయిర్ ఫిల్మ్స్’ వ్యాససంపుటిలో చాప్లిన్, జాన్ ఫోర్డ్, రెన్వార్, జపాన్ దర్శకుల గురించి రాశారు. చాప్లిన్ ‘ది గోల్డ్ రష్’లోని సరళత ఆయనకు మొజార్ట్ సంగీతాన్ని గుర్తుచేసింది. మనసుకు నచ్చిందని చెప్పి ఊరుకోకుండా, ఎందుకు నచ్చిందో విడమరచి చెప్పడం ఆ వ్యాసాల ప్రత్యేకత.

1992లో గౌరవ ఆస్కార్ పురస్కారాన్ని రే ఆసుపత్రి శయ్యపై నుంచే స్వీకరించారు. అప్పుడు కూడా తన శ్రమను ఏకరువు పెట్టలేదు. చిన్ననాటి అభిమాన లేఖలను గుర్తుచేసుకుని, అమెరికా చిత్రాల నుంచి నేర్చుకున్నదానికి కృతజ్ఞత తెలిపారు. అదే ఏడాది భారతరత్న కూడా ఆయనను వరించింది. ఏప్రిల్ 23న కలకత్తాలో కన్నుమూశారు.

మరుసటి ఏడాది లండన్‌లోని ఒక ప్రయోగశాలలో జరిగిన అగ్నిప్రమాదంలో ‘పథేర్ పాంచాలీ’ సహా అప్పు చిత్రత్రయం మూల నెగెటివ్‌లు కాలిపోయాయి. మిగిలిన ముక్కలను నిపుణులు దాదాపు రెండు దశాబ్దాల తరువాత ఓపికగా అతికి పునరుద్ధరించగా, 2015లో ఆ చిత్రాలు మళ్లీ తెరపైకి వచ్చాయి. నెగెటివ్‌లకు తిరిగి ప్రాణం పోసిన ప్రయోగశాల ‘బైసికిల్ థీవ్స్’ పుట్టిన ఇటలీలోనిదే, బొలోనా నగరంలోనిది.