అల్లూరి సీతారామరాజు: గురి తెల్ల అధికారులపై, దెబ్బ గూడేలపై

1922 సెప్టెంబర్ 24. విశాఖ మన్యంలోని దామనపల్లి ఘాట్‌లో పోలీసు బలగం ఒకటి కొండదారిన నడుస్తోంది. దారి పక్కన పొదల్లో తుపాకులు గురిపెట్టి ఉన్నాయి. ముందు నడుస్తున్న భారతీయ పోలీసుల జట్టు ఆ తుపాకుల ఎదుటి నుంచే వెళ్లిపోయింది. ఒక్క తూటా కూడా పేలలేదు. వాళ్ల వెనక ఇద్దరు తెల్ల అధికారులు, స్కాట్ కవర్డ్, హైటర్ వచ్చారు. అప్పుడు తుపాకులు పేలాయి. ఇద్దరూ అక్కడే చనిపోయారు.

భారతీయుల ప్రాణం తీయకూడదన్నది అల్లూరి సీతారామరాజు తన దళానికి పెట్టిన నియమం. అప్పటికి తిరుగుబాటు మొదలై నెల రోజులే అయింది. అడవిలో, అంత ఇరుకు దారిలో, ఆ నియమాన్ని పాటించడం తేలిక కాదు. అయినా పాటించారు.

కానీ తూటాను ఆపినంత మాత్రాన తేలని ప్రశ్న ఒకటి ఉంది. ఇద్దరు అధికారులు చనిపోయాక ప్రభుత్వం ఊరుకోదు. దళం అడవిలోకి జారుకుంటుంది, పోలీసులు మాత్రం గూడేలకే వస్తారు. ఇది మన్యంలో అందరికీ తెలుసు, రామరాజుకూ తెలుసు. తాను కోరుకోని, కానీ జరుగుతుందని ముందే తెలిసిన నష్టానికి మనిషి ఎంతవరకు బాధ్యుడు? 27 ఏళ్లు నిండకుండానే ముగిసిన ఆయన జీవితంలో చివరి రెండేళ్లను ఈ ప్రశ్న వదల్లేదు.

సన్యాసి నుంచి తిరుగుబాటు నాయకుడి దాకా

రామరాజు 1897 జులై 4న విశాఖపట్నం జిల్లా పాండ్రంగిలో, తల్లి సూర్యనారాయణమ్మ పుట్టింట్లో జన్మించారు. తండ్రి వెంకటరామరాజు ఫొటోగ్రాఫర్. స్వగ్రామం భీమవరం దగ్గరి మోగల్లు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఉత్తర భారతంలోని పుణ్యక్షేత్రాలు తిరిగివచ్చిన ఆ యువకుడు, 1917 ప్రాంతంలో కృష్ణదేవిపేట చేరేనాటికి సన్యాసి వేషంలో ఉన్నారు.

మన్యం ప్రజలు మొదట ఆయన్ను వైద్యం, జ్యోతిషం తెలిసిన స్వామిగానే ఎరుగుదురు. సహాయ నిరాకరణ ఉద్యమ కాలంలో ఆయన ఊరూరా తిరిగి కల్లు, సారా మానమన్నారు. తగాదాలను కోర్టుకు తీసుకెళ్లకుండా పంచాయతీల్లో తేల్చుకోమన్నారు. ప్రభుత్వానికి అనుమానం వచ్చి 1922 మొదట్లో అదుపులోకి తీసుకుంది. డిప్యూటీ కలెక్టర్ ఫజులుల్లా ఖాన్ చొరవతో ఆయనకు పైడిపుట్టలో కొంత భూమి ఇచ్చారు, కదలికలపై కన్నేసి ఉంచారు.

మన్యం అప్పటికే రగులుతోంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు వ్యవసాయం నేరమైంది. వంటచెరకు తెచ్చుకున్నా, పశువులను మేపుకున్నా జరిమానా పడేది. తరతరాలుగా గ్రామాలపై అధికారం చేసిన ముఠాదారులు ఆ అధికారాన్ని కోల్పోయారు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి వేసిన రోడ్డు పనుల్లో కొండవాళ్లకు కూలి సరిగా ఇవ్వకుండా చాకిరీ చేయించారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు చెబితేనే జనం మండిపడే పరిస్థితి వచ్చింది.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లపై దళం దాడి చేసింది. 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు తీసుకెళ్లింది. ఏమేం తీసుకున్నదీ రాసి, రామరాజు సంతకం చేసి మరీ వెళ్లారు. ఆ మూడు చోట్లా పోలీసుల ప్రాణాలు తీయలేదు.

ముందే తెలిసిన ముప్పు

ఆ దాడుల తర్వాత ఏం జరుగుతుందో ఊహించడానికి జ్యోతిషం అక్కర్లేదు. 1879లో కల్లు మీద పన్ను, మన్సబ్దారు ఆగడాలు భరించలేక రంప ప్రాంతం తిరగబడింది. ఆ మంట భద్రాచలం తాలూకాలోని రేకపల్లి దాకా పాకింది. ప్రభుత్వం సైన్యాన్ని దింపి దాన్ని అణచివేసింది. నాయకుల్లో కొందరు కాల్పుల్లో చనిపోయారు, మరికొందరు జైళ్లకు, ద్వీపాంతరానికి వెళ్లారు. 1922 నాటికి మన్యంలో 50 ఏళ్లు దాటినవాళ్లందరికీ అది కళ్లారా చూసిన చరిత్ర.

ఈసారీ అదే దారి. మలబార్ స్పెషల్ పోలీసులు వచ్చారు. 1922 డిసెంబర్‌లో పెదగడ్డపాలెం దగ్గర జరిగిన పోరులో దళం మనుషులనూ, తుపాకులనూ కోల్పోయింది. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దిగింది. ఈ బలగాల్లో అత్యధికులు భారతీయులే. భారతీయులను చంపనని రామరాజు గీసుకున్న గీతకు అవతల, తుపాకులు పట్టుకుని నిలబడింది కూడా భారతీయులే.

రామరాజు తలకు 10,000 రూపాయల వెల కట్టారు. దళానికి అన్నం పెట్టారన్న అనుమానం వస్తే చాలు, అరెస్టు. 1923 ఏప్రిల్‌లో రామరాజు అన్నవరం వచ్చి సత్యనారాయణస్వామిని దర్శించుకుని, పోలీస్ స్టేషన్‌కూ వెళ్లి వచ్చారు. జనం ఆదరించారు. ఆ ఆదరణకు శిక్షగా ప్రభుత్వం అక్కడి ప్రజలపై పన్ను వేసింది. దండం పెట్టినందుకు దండుగ కట్టాల్సి వచ్చిందన్నమాట.

కోరిన ఫలితం, తెలిసిన ఫలితం

ఒకే పనికి రెండు ఫలితాలు ఉన్నప్పుడు ఏం చేయాలన్నది నీతిశాస్త్రంలో పాత చర్చ. 13వ శతాబ్దపు ఇటలీ తత్వవేత్త థామస్ అక్వినాస్ ఆత్మరక్షణ గురించి చెప్పినదాని నుంచి తర్వాతివాళ్లు కొన్ని షరతులు తయారుచేశారు. చేసే పని దానంతట అది తప్పై ఉండకూడదు. చెడు ఫలితాన్ని కోరుకోకూడదు. ఆ చెడు ద్వారానే మంచిని సాధించకూడదు. చివరగా, వచ్చే మంచి ఆ నష్టాన్ని భరించేంత పెద్దదై ఉండాలి.

మన్యంలోని రెండు పక్షాలనూ ఈ షరతులతో కొలిస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. పల్లెలు బాధపడాలని రామరాజు కోరుకోలేదు. వాళ్ల బాధ ఆయన పోరాటానికి ఉపయోగపడలేదు సరికదా, దాన్ని బలహీనపరిచింది. గూడెం ఆకలితో ఉంటే దళానికి గింజలు ఎక్కడి నుంచి వస్తాయి?

ప్రభుత్వం సంగతి వేరు. తిరుగుబాటును అణచడమే తన లక్ష్యమని, మధ్యలో జనానికి ఇబ్బంది తప్పలేదని అది చెప్పుకోవచ్చు. కానీ శిక్షా పన్ను, అన్నం పెట్టినవాళ్ల అరెస్టులు పొరపాటున తగిలిన దెబ్బలు కావు. జనం బాధపడితేనే రామరాజు ఆచూకీ చెబుతారన్నది అసలు లెక్క. అక్కడ జనం బాధే సాధనం. కోరుకోని ఫలితం అనే సాకు ఆ లెక్కకు వర్తించదు.

అంతమాత్రాన రామరాజు బాధ్యత సున్నా అయిపోదు. తొలి మూడు షరతులూ ఆయన పక్షాన ఉన్నాయనుకున్నా, నాలుగోది మిగిలే ఉంటుంది. 1922 ఆగస్టులో, రోడ్డు చాకిరీని, అటవీ చట్టాన్ని ఎదిరించగలమన్న ఆశ ఉన్నప్పుడు ఆ నష్టం భరించదగినదిగా కనిపించి ఉండవచ్చు. 1924 వేసవి నాటికి పరిస్థితి మారింది. ముఖ్య అనుచరుడు గాం మల్లుదొర 1923 సెప్టెంబర్‌లోనే పట్టుబడ్డారు. దళం చెదిరిపోయింది. గెలుపు దూరమయ్యేకొద్దీ, పల్లెలు చెల్లిస్తున్న మూల్యానికి సమాధానం చెప్పుకోవడం కష్టమవుతుంది. ముందు సమంజసమైన పోరాటం, అదే దారిలో సాగుతూనే సమంజసం కాకుండా పోగలదు. అందుకే ఈ లెక్క ఒక్కసారి వేసి వదిలేసేది కాదు.

మంప నుంచి కొయ్యూరు

1924 ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక కమిషనర్‌గా వచ్చాక ఒత్తిడి ఇంకా పెరిగింది. మే 7న మంప గ్రామం దగ్గర రామరాజు బలగాల చేతికి చిక్కారు. ప్రభుత్వ కథనం ప్రకారం ఆయన్ను పట్టుకున్నారు. మన్యం చెప్పుకునే కథ మరొకటి. తన కోసం జనాన్ని హింసించడం చూడలేక, ఆయనే బయటికి వచ్చారని అది చెబుతుంది.

రెండో కథ అంత గట్టిగా నిలిచిపోవడానికి కారణం ఉంది. ముందే తెలిసిన నష్టానికీ నాయకుడు జవాబుదారీ అని ఆ జనం నమ్మారు, తమ నాయకుడు ఆ బాకీ తీర్చాడనీ నమ్మారు.

అదే రోజు కొయ్యూరులో మేజర్ గుడాల్ చేతిలో ఆయన ప్రాణం పోయింది. పారిపోబోతే కాల్చామని ప్రభుత్వం చెప్పింది. విచారణ లేదు, కోర్టు లేదు. మర్నాడు కృష్ణదేవిపేటలో దహనం చేశారు. నెల రోజులకు గాం గంటందొర కూడా పోరులో మరణించారు. అండమాన్ శిక్ష అనుభవించిన మల్లుదొర మాత్రం 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆయుధ మార్గంతో ఏకీభవించని గాంధీ సైతం 1929లో రామరాజు ధైర్యానికి, త్యాగానికి నివాళి అర్పించారు.

అదే అడవి, అదే ప్రశ్న

1879లో తిరుగుబాటు పాకిన రేకపల్లి ప్రాంతం నుంచి శబరి దిశగా వెళితే బస్తర్ వస్తుంది. సుక్మా జిల్లా కోంటా బ్లాకులో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరలో గొల్లపల్లి ఉంది. పేరులోనే తెలుగు వినిపించే ఊరు. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక కోంటా ప్రాంతంలో ఎన్నో గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఒకవైపు మావోయిస్టులు, మరోవైపు ప్రభుత్వ బలగాలు, జుడుం. కొందరు శిబిరాలకు వెళ్లారు, వేలమంది సరిహద్దు దాటి నాటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా ఆయుధాలిచ్చి దించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఆ ఊళ్లు ఖాళీ కావాలన్నది తమ ఉద్దేశం కాదని ఏ పక్షమైనా చెప్పగలదు. దామనపల్లి ఘాట్‌లో ముందు జట్టును వదిలేసిన మనిషి జీవితం ఆ మాటకు ఇంకొక ప్రశ్న జోడిస్తుంది: అలా జరుగుతుందని తెలిశాక, దాన్ని తగ్గించడానికి మీరేం వదులుకున్నారు?