చిత్రశిల్పి కదిరి వెంకటరెడ్డి

అనంతపురము జిల్లా తాడిపత్రిలో 1912వ సంవత్సరమున జన్మించిన కదిరి వెంకటరెడ్డిగారు లోకమునకు కె.వి.రెడ్డిగా సుప్రసిద్ధులు. చిత్రసీమలో వారి తొలి కొలువు దర్శకత్వము గాదు, నగదు పద్దు. పిదప వాహినీవారి చిత్రములకు నిర్మాణ వ్యవహారములు చక్కబెట్టి, ‘భక్త పోతన’తో దర్శకులైరి. పద్దు వ్రాసిన చేతి పొదుపు వారిని విడువలేదు. ప్రతి ఘట్టమునకు పట్టు కాలమును చిత్రీకరణమునకు మునుపే గడియారము చేతబట్టి నిర్ణయించుకొనువారు. వారి తెరపై వ్యర్థమైన మాటయే గాదు, వ్యర్థమైన వస్తువు కూడ అరుదు.

1947లో ‘యోగి వేమన’, 1951లో ‘పాతాళభైరవి’ వెలువడినవి. అయినను వారి ప్రజ్ఞ పూర్ణముగా తెలియవలెనన్న 1957 నాటి ‘మాయాబజార్’ చూడవలయును. భారతకథా పురుషులను చూపుచు, పాండవులను ఒక్కమారైనను తెరపైకి రానీయకుండుట సామాన్య సాహసమా! ఆ లోటు ప్రేక్షకునకు తోచనే తోచదు.

అందు ప్రియదర్శిని యను పేటిక కలదు. మూత తెరచినవారికి తమకు ప్రియమైనది అందు కానవచ్చును. శశిరేఖ అభిమన్యుని చూచెను. రేవతి మణిభూషణములను చూచెను. బలరాముడు శిష్యుడగు దుర్యోధనుని చూచెను. శ్రీకృష్ణుడు చూచినంతనే శకుని ప్రత్యక్షమయ్యెను! పిల్లలు నవ్వుదురు, భారతము చదివినవాడు ఉలికిపడును. కౌరవనాశనమునకు శకునియే సాధనము, కావున జగన్నాటక సూత్రధారికి అతడే ప్రియుడు. ఒక శతకము చెప్పవలసిన అర్థమును రెడ్డిగారు మూత యెత్తి చూపిరి.

కడపట సత్యపీఠ మున్నది. దాని నెక్కినవాడు మనసులోనిది దాపలేడు. శకుని దానిపై నిలిచి తన కుతంత్రమంతయు తానే బయలుపెట్టెను. పేటిక మనసును చూపినది, పీఠము పలికించినది. విడిదింటిలో తనంతట చుట్టుకొను గింబళి వంటివి వినోదమునకే యనుకొన్నను, అవియు కౌరవపక్షమువారి డంబమును నేలబడవైచుటకే వచ్చినవి.

మాయాశశిరేఖ సంగతి వేరు. సావిత్రిగారి చీర మారలేదు, నగలు మారలేదు. నడక మారెను, చూపు మారెను. అంతమాత్రమున లోపలనున్నవాడు ఘటోత్కచుడని పసివారికిని తెలిసిపోయెను.

పిమ్మట 1961లో ‘జగదేకవీరుని కథ’ జయప్రదమైనది. కాని 1965 నాటి ‘సత్య హరిశ్చంద్ర’, 1968 నాటి ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’ ప్రజాదరము నొందలేదు. రెండవదానిలో మాయలకు కొదువ లేదు; ఆ మాయలకు మోయదగిన అర్థమే చాలలేదనిపించును. పెద్ద చిత్రములు తీసిన చేతికి పని అరుదయ్యెను. 1971లో రామారావుగారు తమ ‘శ్రీకృష్ణసత్య’ను వారికే అప్పగించిరి. అది వారి కడపటి చిత్రము. 1972 సెప్టెంబరు 15న రెడ్డిగారు పరమపదించిరి.